గడ్డపూవుల నిద్ర

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములందలి బాలబాలికలకు ఎర్రగడ్డను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. పెరికి యారబెట్టిన ఎర్రగడ్డ మన్నును నీరును లేకయే నెలలకొలది యింట పడియుండి, కాలము వచ్చినప్పుడు తనంతట మొలకెత్తును. పొరలలో దాచుకొనిన యాహారమే దానికాధారము. పూవులనిచ్చు గడ్డలలో పెక్కింటి జీవితమును ఇట్టిదే. అవి కొంతకాలము మేల్కొనియుండును, కొంతకాలము నిద్రించును. ఈ నిద్రను ఎరుగకపోవుటచేతనే తలిదండ్రులు సొమ్మిచ్చి కొన్న గడ్డలు కుండీలలో కుళ్లిపోవుచున్నవి.

గడ్డ యెప్పుడు నిద్రించునో దాని జన్మభూమిలోని వానలే నిర్ణయించును. దక్షిణాఫ్రికా కొనయందలి కేప్ సీమలో వానలు చలికాలమున కురియును. అందుచే అచ్చటి ఫ్రీసియా చలిలో పెరిగి పూచి, వేసవిలో నిద్రించును. ఇంగ్లండువంటి చలిదేశములలో నేల మంచుబారినచో ఇట్టి సుకుమారపు గడ్డలు చచ్చును. కావున అచ్చటివారు వీనిని గాజుటిండ్లలో నుంచి పూయింతురు.

మనకు మంచు భయము లేదు. మన చిక్కు వేడిమి. ఫ్రీసియా మొగ్గతొడుగుటకు కొన్ని వారములు సుమారు 15 డిగ్రీల చల్లదనము కావలెను. మన చలికాలపు పగళ్లు అంతకంటె మిక్కిలి వెచ్చనివి. కనుక ఇచ్చట వానకాలమున పెరుగు గడ్డలనే యెన్నుకొనుట మేలు. ఎర్రని బంతివలె పూచు మే పుష్పము అట్టిది. అది వేసవి తుదిని మేల్కొని పూచి, వానలలో ఆకులను పెంచి, చలికాలమున నిద్రించును.

నల్లరేగడి నీటిని చాల దినములు పట్టియుంచును. అది గడ్డకు కీడు. ఇసుకయు, ఎర్రమన్నును, బాగుగ చివికిన పశువుల యెరువును సమముగ కలిపి, అడుగున తూటుగల కుండీలో నింపవలెను. ఏప్రిల్ మాసమున గడ్డ మెడ పైకి కనబడునట్లు నాటి, మొలక వచ్చువరకు కొద్దిగ మాత్రమే తడుపవలెను. పూవులు వాడినను ఆకులను కోయరాదు. మరుయేటి పూవులకు ఆహారము కూర్చునవి అవియే. చలికాలమున ఆకులు పసుపుబారినప్పుడు నీరు మాని, కుండీని పొడిగానుండు నీడకు చేర్పవలెను.

అప్పుడే పిల్లలు తొందరపడుదురు. కొందరు ప్రేమకొలది దినదినము నీరుపోసి గడ్డను కుళ్లింతురు. కొందరు చచ్చినదని పారవేయుదురు. వ్రేలితో నొక్కి చూడుడని మేము చెప్పుచుందుము. గట్టిగ నున్నచో అది జీవించియే యున్నది.

తలిదండ్రులకొక మనవి. మే పుష్పము పూయునాటికి పాఠశాలకు సెలవులు. బిడ్డ యింటికి తెచ్చిన కుండీ వట్టి మన్నుగ కనబడినను దయచేసి పారవేయకుడు. దేవుడు దానికి నియమించిన విశ్రాంతి ముగియుచున్నది.