సొరుగులో నాలుగు నెలలు దాచిన రిపోర్టు: షుగర్ అంటే భయం, విసుగు వచ్చినప్పుడు ఏం చేయాలి?

మామూలుగా మన ఎపిసోడ్స్‌లో ఫోన్లు, యాప్స్, ఉద్యోగాల గురించి మాట్లాడుకుంటాం కదా. ఈ రోజు టాపిక్ వేరు. ఈ రోజు నా గురించే చెప్తా. ఇది కెమెరా ముందు చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది.

నాకు షుగర్ ఉంది. టైప్ 2 డయాబెటిస్. తెలిసేనాటికి నాకు 26 ఏళ్ళు. అప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. ఆఫీసు వాళ్ళు ఏడాదికోసారి చేయించే హెల్త్ చెకప్‌లో బయటపడింది. పరగడుపు షుగర్ 171, హెచ్‌బీఏ1సీ 8.4. హెచ్‌బీఏ1సీ అంటే మనవాళ్ళు మూడు నెలల షుగర్ టెస్ట్ అంటారే, అది. 6.5 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే షుగర్ ఉన్నట్టే. పరగడుపున అయితే 126 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే. సాధారణంగా రెండోసారి కూడా టెస్ట్ చేసి ఖాయం చేస్తారు. నాకు రెండూ దాటేశాయి.

ఆ రిపోర్టు నేను ఏం చేశానో తెలుసా? మడిచి, టేబుల్ సొరుగులో, పాత ఛార్జర్ల కింద పెట్టేశా. నాలుగు నెలలు. డాక్టర్ దగ్గరకి వెళ్ళలేదు, ఇంట్లో చెప్పలేదు. చదువుకున్నవాణ్ణి, రోజూ ఇంటర్నెట్‌లో ఉండేవాణ్ణి, నేనే అలా చేశా. అందుకే ఈ ఎపిసోడ్‌లో డైట్ చార్ట్ చెప్పను. అది మీ డాక్టర్ చెప్తారు. అంతా తెలిసి కూడా మనం ఎందుకు ఏమీ చేయలేకపోతామో, అప్పుడు నాకు ఏది పనికొచ్చిందో అది చెప్తా. నేను డాక్టర్‌ని కాదు, పేషెంట్‌ని. అది గుర్తుపెట్టుకొని వినండి.

ముందు ఒక మాట. మనం ఒంటరివాళ్ళం కాదు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు దాదాపు 10.1 కోట్ల మంది. బోర్డర్‌లో ఉన్నవాళ్ళు ఇంకో 13.6 కోట్లు. ఇంతమందిలో భయపడి రిపోర్టు దాచినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉండను.

ఈ భయానికి, విసుగుకి ఒక పేరు కూడా ఉంది. డయాబెటిస్ డిస్ట్రెస్ అంటారు. విలియం పొలాన్‌స్కీ అనే సైకాలజిస్టు, ఆయన తోటివాళ్ళు కలిసి 1995లోనే దీన్ని కొలవడానికి ఒక ప్రశ్నల పట్టిక తయారుచేశారు. రోజూ మందులు, తిండి లెక్కలు, సూదులు, ఇంట్లోవాళ్ళ మాటలు, రేపు ఏమవుతుందో అన్న దిగులు, ఇవన్నీ కలిసి మోయలేని బరువవుతాయి. ఇది బద్ధకం కాదు. డిప్రెషన్ కూడా కాదు, అది వేరే, దాని గురించి చివర్లో చెప్తా. ఇలా ఒక పేరుందని తెలిసిన రోజు నాకు సగం సిగ్గు పోయింది.

సరే, నా భయం దగ్గరకి వద్దాం. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఇది బాగా తెలుసు. కస్టమర్ ఫోన్ చేసి "మీ యాప్ పని చేయట్లేదు" అంటాడు. అంతే చెప్తే మనం ఏమీ చేయలేం. ఏ స్క్రీన్‌లో ఆగింది, ఏ బటన్ నొక్కారు, ఏం మెసేజ్ వచ్చింది అని అడుగుతాం. అప్పుడే దొరుకుతుంది. భయం కూడా అంతే అండి. "నాకు షుగర్ అంటే భయం" అన్నంతవరకు దాన్ని ఎవరూ ఏమీ చేయలేరు. ఖచ్చితంగా దేనికి భయం అని అడగాలి. నాలుగు నెలల తర్వాత, రాత్రిళ్ళు నాలుగైదుసార్లు బాత్రూమ్‌కి లేవాల్సి వచ్చి, చివరికి డాక్టర్ దగ్గరకి వెళ్తే ఆవిడ నన్ను తిట్టలేదు. "అసలు నీకు దేనికి భయం, బాబూ?" అని అడిగారు.

నాకు రెండు భయాలు. ఒకటి మా పెదనాన్న. ఆయనకి షుగర్ వల్ల కాలి బొటనవేలు తీసేశారు. తర్వాత ఏడాదికి పాదం. నా చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకొని తిరునాళ్ళకి తీసుకెళ్ళిన మనిషి, అరుగు మీద కూర్చొని పోయేవాళ్ళని చూస్తూ ఉండేవాడు. షుగర్ అన్న మాట వినగానే నాకు కనిపించేది ఆ పాదమే.

రెండోది పెళ్ళి. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు అప్పుడు. అబ్బాయికి షుగర్ అంటే ఎవరిస్తారు పిల్లని? ఇది బయటికి చెప్పుకోలేం, కానీ మన ఇళ్ళల్లో చాలామంది కుర్రాళ్ళు, అమ్మాయిలు రిపోర్టులు దాచేది దీనికోసమే.

మొదటి భయానికి డాక్టర్ గారు సమాధానం చెప్పారు. పాదం ఒక్కరోజులో పోదు. ఏళ్ళ తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే పాదాల్లో నరాలు మొద్దుబారతాయి. చెప్పు కరిచినా, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. రక్తప్రసరణ కూడా తగ్గితే ఆ పుండు మానదు, చీము పడుతుంది. అంటే మధ్యలో మనం పట్టుకోగలిగిన చోట్లు చాలా ఉన్నాయి. రాత్రి పడుకునే ముందు పాదాలు, వేళ్ళ సందులు చూసుకోవాలి. చెప్పుల్లేకుండా తిరగకూడదు. ఏడాదికోసారి పాదాల పరీక్ష, కంట్లో రెటీనా పరీక్ష, కిడ్నీ కోసం మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చేయించుకోవాలి.

ఇంకో విషయం కూడా చెప్పారు. బ్రిటన్‌లో 1977లో మొదలుపెట్టి, కొత్తగా టైప్ 2 బయటపడిన 5,000 మందికి పైగా మనుషుల్ని ఏళ్ళ తరబడి గమనించిన యూకేపీడీఎస్ అనే పెద్ద అధ్యయనం ఉంది. దాని లెక్కల్లో హెచ్‌బీఏ1సీ ఒక్క శాతం తక్కువగా ఉన్నవాళ్ళలో కళ్ళు, కిడ్నీల్లాంటి చోట చిన్న రక్తనాళాలు దెబ్బతినే ముప్పు 37 శాతం తక్కువగా కనిపించింది. ఒక్క శాతానికి! అంటే 8.4 నుంచి 7.4కి వచ్చినా అది పెద్ద లాభమే. పూర్తిగా నార్మల్ అయితే తప్ప ప్రయోజనం లేదు అనుకోవడమే నేను చేసిన తప్పు.

ఆ రోజు నుంచి రాత్రి పడుకునేముందు రెండు నిమిషాలు పాదాలు చూసుకుంటా. పెదనాన్న గుర్తొస్తాడు. భయం పోలేదు, కానీ ఇప్పుడు ఆ భయానికి రోజూ రెండు నిమిషాల పని ఉంది.

రెండో భయానికి మందు లేదండి. ఇంట్లో చెప్పా. వచ్చిన సంబంధం వాళ్ళకి కూడా ముందే చెప్పాం. వాళ్ళు వెనక్కి తగ్గారు. బాధేసింది, అబద్ధం ఎందుకు. కానీ దాచి పెళ్ళి చేసుకొని రోజూ మాత్ర దొంగతనంగా మింగడం కన్నా ఇది నయం అనిపించింది.

ఇప్పుడు విసుగు సంగతి. మందులు మొదలైన కొత్తల్లో నా హడావుడి చూడాలి మీరు. పొద్దున్నే 5 గంటలకి వాకింగ్, అన్నం బంద్, రాగి జావ, రోజుకి నాలుగుసార్లు సూది గుచ్చుకోవడం. పదిహేను రోజులు. పదహారో రోజు కజిన్ పెళ్ళి. అక్కడ బూరెలు, పులిహోర, అన్నీ. మర్నాడు పొద్దున చూస్తే 214. "ఇంక నావల్ల కాదు" అని మిషన్ డబ్బాలో పెట్టేశా. నెల రోజులు ముట్టుకోలేదు.

తర్వాత అర్థమైంది ఏంటంటే, మోటివేషన్ అనేది చుట్టం లాంటిది. వస్తుంది, రెండు రోజులుంటుంది, పోతుంది. చుట్టాన్ని నమ్ముకొని ఇల్లు నడపం కదా. అందుకే మోటివేషన్ లేని రోజు కూడా జరిగిపోయేలా కొన్ని ఏర్పాట్లు చేసుకున్నా. మాత్ర డబ్బా అన్నం తినే కంచం పక్కనే ఉంటుంది. నాది మెట్‌ఫార్మిన్, తిన్నాక వేసుకునేది. మొదట్లో కడుపు ఉబ్బరం, విరేచనాలు అయితే మానేయబోయా. డాక్టర్‌కి చెప్తే మెల్లగా కరిగే రకం ఇచ్చారు, సర్దుకుంది. చూశారా, ఇక్కడ కూడా ఖచ్చితంగా ఏం ఇబ్బందో చెప్తేనే దారి దొరికింది.

నడక 5 గంటలకి కాకుండా రాత్రి భోజనం అయ్యాక 15 నిమిషాలకి మార్చా. తిన్న వెంటనే నడిస్తే కండరాలు ఆ గ్లూకోజ్‌ని వాడేసుకుంటాయి, తిన్న తర్వాతి షుగర్ అంతగా ఎగరదు. చెప్పులు వేసుకొని వీధి చివర కిరాణా కొట్టు దాకా వెళ్ళి రావడమే. ఇంక ఏమీ చేయబుద్ధి కాని రోజుకి ఒక కనీస లెక్క పెట్టుకున్నా: మాత్ర, పది నిమిషాల నడక, పాదాలు చూసుకోవడం. ఆ మూడూ అయితే ఆ రోజు అయినట్టే.

ఇంకా మిషన్‌లో నంబర్. మనకి చిన్నప్పటి నుంచి నంబర్ అంటే మార్కులే కదా. బీటెక్‌లో బ్యాక్‌లాగ్ వచ్చినప్పుడు నోటీస్ బోర్డు దగ్గరకి ఎలా పోబుద్ధి కాదో, షుగర్ చూసుకోవడానికి కూడా అలానే పోబుద్ధి కాదు. నేను ఏం చేశానంటే, ఊరికే చూసుకోవడం మానేసి ఒక ప్రశ్నతో చూసుకోవడం మొదలుపెట్టా. నాలుగు ఇడ్లీ, కొబ్బరి చట్నీ తినకముందు 132, రెండు గంటల తర్వాత 228. ఇంకో రోజు రెండు ఇడ్లీ, ఒక ఉడికించిన గుడ్డు, గిన్నెడు సాంబారు. 176. అప్పుడు ఆ నంబర్ నన్ను తిట్టలేదు, నాకు ఒక విషయం చెప్పింది. ఇవి నా ఒంటి లెక్కలు, మీకు వేరేగా ఉంటాయి.

ఇక మా అమ్మ సంగతి చెప్పాలి. ఈ ఎపిసోడ్ నిజానికి అమ్మ వల్లే చేస్తున్నా. అమ్మకి పన్నెండేళ్ళుగా షుగర్. కిందటి ఏడు సంక్రాంతికి ఊరెళ్తే ఎనిమిది నెలలుగా టెస్ట్ చేయించుకోలేదని తెలిసింది. "చూస్తే భయమేస్తుందిరా, చూడకపోతే హాయిగా ఉంటా" అంది. నా సొరుగు గుర్తొచ్చింది నాకు. ఏమీ అనలేదు. ఆమె ముందే కూర్చొని నా వేలికి గుచ్చుకున్నా. అరిసెలు తిన్నా కదా, 187. "ఇంత వచ్చిందేంట్రా?" అంది. "వచ్చిందమ్మా. రాత్రికి నడుస్తా" అన్నా. కాసేపు చూసి, "అయితే నాదీ చూడు" అని వేలు చాపింది. 263.

"నీకు దేనికి భయం అమ్మా?" అని అడిగా. చాలాసేపటికి చెప్పింది. ఒకసారి గుంటూరు వెళ్ళే బస్సులో ఒళ్ళంతా చెమట పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరిగాయట. పక్కన కూర్చున్నావిడ చాక్లెట్ ఇస్తే తేరుకుందట. అప్పటి నుంచి బయటికి వెళ్ళే రోజు మాత్ర వేసుకోదు. రెండేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. మేము అమ్మకి శ్రద్ధ లేదు అనుకున్నాం.

అది షుగర్ పడిపోవడం. 70 కంటే తగ్గితే అలా అవుతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకి ఇది అరుదు. కానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు భోజనం ఆలస్యం చేస్తే జరగొచ్చు. అలా అనిపిస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి, 15 నిమిషాలయ్యాక మళ్ళీ చూసుకోవాలి, తగ్గకపోతే మళ్ళీ తాగాలి. స్పృహ లేని మనిషికి నోట్లో ఏమీ పోయకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మర్నాడే అమ్మని డాక్టర్ దగ్గరకి తీసుకెళ్ళాం. ఆయన విని మాత్ర మార్చారు. ఇప్పుడు అమ్మ సంచిలో పంచదార పొట్లం ఉంటుంది. మాత్ర మానట్లేదు.

ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళుంటే మీకో మాట. "మళ్ళీ తిన్నావా?" అని అడిగితే వాళ్ళు దాచుకొని తింటారు. "రా, నడిచొద్దాం" అనండి చాలు. మాత్ర డోసు పెరిగినా, ఇన్సులిన్ మొదలుపెట్టినా అది లాస్ట్ స్టేజీ కాదు, మీ తప్పూ కాదు. ఏళ్ళు గడిచేకొద్దీ ఇన్సులిన్ తయారుచేసే కణాలు అలసిపోవడం ఈ జబ్బు స్వభావం. ఒకవేళ రెండు వారాలుగా దేని మీదా ఆసక్తి లేక, నిద్ర పట్టక, బతకాలని లేదు అనిపిస్తుంటే అది వేరే విషయం. డాక్టర్‌కి చెప్పండి, లేదా ప్రభుత్వం వారి టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు ఉండవు.

నా హెచ్‌బీఏ1సీ ఇప్పుడు 7.1. మధ్యలో పండగల తర్వాత 7.4 అయింది, మళ్ళీ దిగింది. రేపు ఎంత ఉంటుందో తెలియదు. మూడు నెలలకోసారి టెస్ట్‌కి మాత్రం వెళ్తున్నా.

ఈ రోజుకి మీకు ఒక్క పనే. మీ సొరుగులో కూడా రిపోర్టు ఉంటే బయటికి తీయండి. దాని వెనకాల తెల్ల కాగితం మీద "నాకు దేనికి భయం" అని ఒక్క లైన్ రాయండి. డాక్టర్ దగ్గరకి వెళ్ళినప్పుడు ఆ వైపే ముందు చూపించండి.