ఏనుగుల అడవికి దగ్గరి దారి

ఏనుగులను వాటి సహజస్థానంలో చూడవలెనన్న కోరిక కలుగగానే మనస్సు ఆఫ్రికా వైపు పరుగుతీస్తుంది. కాని కెన్యాలోని మసాయి మారా గడ్డిమైదానాలను చూచి రావడానికి విమాన ఛార్జీలు, ప్రవేశ రుసుము, జీపు అద్దె అన్నీ కలిసి సామాన్య కుటుంబానికి ఏండ్ల తరబడి పొదుపుగా పరిణమిస్తాయి. మదనపల్లెవాసికి ఏనుగుల అడవి బస్సు టిక్కెట్టుతోనే అందుతుంది. పుంగనూరు, పలమనేరుల మీదుగా కుప్పం వెళ్లే దారికి చేరువలోనే కౌండిన్య అభయారణ్యం ఉన్నది.

ఈ సీమలో సుమారు రెండు శతాబ్దాలపాటు అడవి ఏనుగు జాడ లేదు. 1980వ దశకంలో పొరుగు రాష్ట్రాల అడవులనుండి కొన్ని మందలు కుప్పం ప్రాంతానికి వలసవచ్చాయి. వాటి రక్షణకై 1990లో సుమారు 358 చదరపు కిలోమీటర్ల అడవిని అభయారణ్యంగా ప్రకటించారు.

మారా తెరపియైన మైదానం. ఇది ముళ్లపొదలతో, కొండలోయలతో నిండిన అడవి. ఇక్కడ ఏనుగు దాపున నిలిచినా కంటబడకపోవచ్చు. ప్రమాదమూ అందులోనే ఉన్నది. కనుక అటవీశాఖవారి అనుమతి, తోడు లేక లోనికి అడుగిడరాదు. పొద్దు వాలకముందే తిరుగు ప్రయాణం కట్టాలి. వానల తరువాత వెళ్లినవారికి ఏనుగు కనబడకున్నా కైగల్ జలపాతం కనువిందు చేస్తుంది.

అడవి అంచు రైతులకు మాత్రం ఏనుగు వినోదం కాదు. పైరును కాపాడుకొనబోయి ప్రాణాలు కోల్పోయినవారున్నారు; విద్యుత్తు తీగలు తగిలి మరణించిన ఏనుగులూ ఉన్నాయి. మందలను అడవిలోకి మళ్లించుటకు 2025లో కర్ణాటకనుండి శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను తెప్పించి, పలమనేరు సమీపాన ముసలిమడుగు శిబిరంలో ఉంచారు. గత రాత్రి మంద ఏ పొలాల్లో దిగినదో ఊరివారికే తెలుస్తుంది. వారినడిగి, ఆ వైపు వెళ్లకుండుట మేలు.