'పురుగు ముట్టింది': జుక్కల్ ప్రాంతంలో సాలెపురుగు కాటు – గుర్తింపు, ప్రథమచికిత్స

వ్యాససంగ్రహం: సాలెపురుగు కాటుకు వైద్యుడు దొరకనప్పుడు ఏం చేయాలన్న ప్రశ్న, కుట్టింది సాలెపురుగేనని ముందే ఒప్పుకొని మొదలవుతుంది. మూడు రాష్ట్రాల సరిహద్దులోని జుక్కల్ వంటి చోట ఆ నమ్మకమే రోగికి ఎక్కువ హాని చేయగలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కాటును గుర్తించడంలోని చిక్కులనూ, ఏ ప్రాణి కుట్టిందో తెలియనప్పుడు కూడా నష్టం కలిగించని ప్రథమచికిత్సనూ వివరిస్తుంది.

కీలకపదాలు: సాలెపురుగు, లూత, కట్లపాము, ఎర్రతేలు, ప్రథమచికిత్స, జుక్కల్.

1. మాటలోని చిక్కు

తెలుగులో 'పురుగు' అన్న మాటకు హద్దులు తక్కువ. బియ్యంలోని ముక్కపురుగు మొదలు గోడమీది సాలెపురుగు దాకా అన్నీ పురుగులే. పాము పేరు నోట పలకడానికి, అందులోనూ చీకటి పడ్డాక, ఇష్టపడని పల్లెల్లో పామును కూడా పురుగనే అంటారు. 'పురుగూ పుట్రా' అన్న జంటపదంలో పాము ఎలాగూ చేరే ఉంది. అందువల్ల ఒక రైతుకూలీ ఆసుపత్రికి వచ్చి "పురుగు ముట్టింది" అన్నప్పుడు ఆ వాక్యానికి కనీసం మూడర్థాలు సాధ్యం: సాలెపురుగు, తేలు, పాము. మూడింటికీ చికిత్సలు వేరు, చేతిలో ఉండే సమయమూ వేరు.

కామారెడ్డి జిల్లా పడమటి అంచున ఉన్న జుక్కల్ 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా ఏర్పడేవరకు నిజామాబాద్ జిల్లాలోనిది. ఒకపక్క కర్ణాటకలోని బీదర్ జిల్లా, మరోపక్క మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా. నల్లరేగడి చేలు, పత్తి, కంది, సోయా. తెలుగుతో పాటు మరాఠీ, కన్నడం, దక్కనీ ఉర్దూ వినిపించే చోటు. సాలెపురుగును మరాఠీలో కోళీ అంటారు, కన్నడంలో జేడ, దక్కనీలో మక్డీ. మన మాటలో మాత్రమే అది 'పురుగు' అన్న పెద్ద గంపలో పడిపోతుంది.

2. లూత

సాలెపురుగు విషం గురించిన భయం కొత్తది కాదు. సుశ్రుతసంహిత కల్పస్థానంలో కీటవిషాల సందర్భంలో లూతలను పదహారు రకాలుగా చెప్పి, సగం కష్టసాధ్యాలనీ సగం అసాధ్యాలనీ విభజించారు. వసిష్ఠుని కోపాన పుట్టిన చెమట బిందువులు కోసిన గడ్డిమీద పడి లూతలయ్యాయని అక్కడి వ్యుత్పత్తి కథ. 'లూన' అంటే కోయబడినది. అదే సాలెపురుగు శ్రీకాళహస్తిలో 'శ్రీ' అయి శివభక్తుల్లో చేరింది. సంప్రదాయం దీన్ని ఒకచోట భయంతో, ఒకచోట భక్తితో చూసింది. సుశ్రుతుని వర్గీకరణలోని చర్మలక్షణాల్లో చాలావాటిని నేటి వైద్యుడు సాలెపురుగుకు కాక ఇతర చర్మవ్యాధులకు ఆపాదిస్తాడన్నది నా అభిప్రాయం. ఈ ఆపాదన సమస్య నేటికీ తీరలేదు.

3. నిజంగా విషమున్నవి

దాదాపు సాలెపురుగులన్నింటికీ విషముంటుంది. మనిషి చర్మాన్ని చీల్చగల కోరలు, మనిషికి హాని చేయగల విషం రెండూ ఉన్నవి బహు తక్కువ. భారతదేశంలో వైద్యపరంగా లెక్కించదగినవి ప్రధానంగా మూడు వర్గాలు.

మొదటిది లాట్రొడెక్టస్, 'బ్లాక్ విడో'గా ప్రసిద్ధమైన ప్రజాతి. దీని విషంలోని ఆల్ఫా-లాట్రొటాక్సిన్ నాడీకొనల నుంచి రసాయన సందేశకాలను ఒక్కసారిగా విడుదల చేయిస్తుంది. కుట్టినచోట మొదట పెద్దగా ఏమీ కనిపించకపోవచ్చు. గంటలోపు నొప్పి పైకి పాకి, చెమటలు పట్టి, పొట్ట కండరాలు బిగుసుకుంటాయి. రెండవది లాక్సొసెలెస్. దీని విషంలోని స్ఫింగోమైలినేజ్-డి అనే ఎంజైము కణజాలాన్ని చంపి పుండు చేయగలదు. మూడవది చెట్లమీద నివసించే పెద్ద సాలెపురుగులు, పొయిసిలొథీరియా. ఇందులోని నీలిరంగు జాతి తెలుగునేలదే. 1899లో పోకాక్ వర్ణించిన పొయిసిలొథీరియా మెటాలికా తొలి నమూనా గుత్తి రైల్వే కలపడిపోలో దొరికింది. దాదాపు వందేళ్ల తర్వాత నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. అది మనవల్ల ప్రమాదంలో ఉన్నంతగా మనం దానివల్ల లేము, కాని ఈ ప్రజాతి కాటు రోజుల తరబడి కండరాల పట్లు తెప్పించగలదు.

ఈ మూడింటిలో దేనికీ మన దేశంలో విరుగుడు సీరం తయారు కావడం లేదు. అందువల్ల పెద్దాసుపత్రిలో చేసేది కూడా నొప్పి తగ్గించడం, కండరాలను సడలించడం, గాయాన్ని కాపాడటం, ధనుర్వాతం టీకా ఇవ్వడం వరకే. విరుగుడున్న ఆస్ట్రేలియాలోనూ పరిస్థితి అంత సూటిగా లేదు. రెడ్‌బ్యాక్ సాలెపురుగుకు 1956 నుంచి వాడుతున్న సీరాన్ని 2014లో ప్రచురితమైన ప్రయోగంలో నొప్పిమందులతో కలిపి ఇచ్చి చూస్తే, నొప్పిమందులు మాత్రమే ఇచ్చిన వారికన్నా చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు.

4. కాటు అనుకున్నవి

వైద్యసాహిత్యంలో ఈ విషయంపై అత్యంత విలువైన అధ్యయనాలు విషాన్ని గురించినవి కావు, పొరపాటు నిర్ధారణను గురించినవి. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఒక ఇంట్లో ఆరు నెలల్లో 2,055 లాక్సొసెలెస్ సాలెపురుగులను పట్టారు. ఆ ఇంట నివసించే కుటుంబంలో ఒక్కరికీ విషప్రభావం కలగలేదు. ఆస్ట్రేలియాలో సాలెపురుగును పట్టి నిపుణులతో గుర్తింపజేసిన 750 కాట్లను 2002లో ప్రచురించిన అధ్యయనం పరిశీలించింది. వాటిలో మాంసం కుళ్లిన పుండు ఒక్కటీ లేదు.

మరి పల్లెల్లో సాలెపురుగు పాకిందని చూపించే పొక్కులు ఏమిటి? నడుముచుట్టూ ఒకేపక్క బారుగా వచ్చేవి చాలావరకు సర్పి. వానాకాలం దీపాల చుట్టూ చేరే పీడెరస్ అనే చిన్నపురుగు చర్మంమీద నలిగితే మంటతో గీతలాంటి పొక్కులొస్తాయి. ఎర్రగా ఉబ్బి వేడెక్కినది బాక్టీరియా సోకిన సెల్యులైటిస్ కావచ్చు, మధుమేహం ఉన్నవారిలో ఇది తొందరగా ముదురుతుంది. జ్వరంతో పాటు చంకలోనో గజ్జలోనో నల్లని పెచ్చు కట్టిన మచ్చ ఉంటే అది స్క్రబ్ టైఫస్ కావచ్చు. డాక్సీసైక్లిన్ వంటి చవకైన మందుతో నయమయ్యే జబ్బును సాలెపురుగు కాటని వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

2012 మే నెలలో అస్సాంలోని సదియాలో సాలెపురుగులు కుట్టి ఇద్దరు మరణించారన్న వార్త దేశమంతా పాకింది. మృతులకు నాటువైద్యులు బ్లేడుతో కోసి రక్తం తీశారనీ, శవపరీక్ష జరగకముందే దహనం చేశారనీ తర్వాత తెలిసింది. ఆ మరణాలకు కారణం విషమా, కోతా, మరొకటా అన్నది తేలలేదు. సాలెపురుగు పేరు మాత్రం నిలిచిపోయింది.

5. ఆ పేరు వెనక దాగే రెండు ప్రాణులు

కట్లపాము రాత్రి తిరుగుతుంది, నేలమీద పడుకున్నవారిని కాటేస్తుంది. కోరలు చిన్నవి, వాపు ఉండదు, నొప్పి నామమాత్రం. నిద్రలో మెలకువ వచ్చినవాడు ఏదో పురుగు కుట్టిందనుకొని తిరిగి పడుకుంటాడు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి. తర్వాత కనురెప్పలు వాలడం, మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం, చివరకు శ్వాసకండరాలు పడిపోవడం. లాట్రొడెక్టస్ కాటులోనూ కడుపునొప్పి ఉంటుంది కాబట్టి పుస్తకం చదివినవారు సైతం మోసపోగలరు. రెప్పవాలడం కట్లపామును పట్టిచ్చే గుర్తు. లాట్రొడెక్టస్ కాటులో కండరాలు బిగుస్తాయే కాని ఇలా చచ్చుబడవు.

రెండవది ఎర్రతేలు. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ మెట్టభూముల్లో ఇది సామాన్యం. దీని విషం గుండెను, రక్తపోటును దెబ్బతీస్తుంది. పిల్లలకు విపరీతమైన చెమట, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడటం, ఆపై ఊపిరితిత్తుల్లో నీరు. కొంకణ్‌లోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980వ దశకంలో ప్రజోసిన్ అనే సాధారణ రక్తపోటు మాత్రతో ఈ మరణాలను అరికట్టవచ్చని చూపారు. 2011లో ఆయన బృందం ప్రజోసిన్‌కు తేలు విరుగుడు సీరం తోడైతే కోలుకోవడం ఇంకా వేగంగా ఉంటుందని నిరూపించింది. అయితే ప్రజోసిన్ ఇంట్లో ఇచ్చే మాత్ర కాదు. రక్తపోటు చూస్తూ వైద్యులు ఇవ్వవలసినది.

2005లో దేశంలో పాముకాటు మరణాలు సుమారు 45,900 అని ఒక జాతీయ అధ్యయనం అంచనా వేసింది. వాటిలో దాదాపు 5,200 ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోవి. దేశం మొత్తం మీద 77 శాతం మరణాలు ఆసుపత్రి బయటే జరిగాయి. సాలెపురుగు కాటును ఈ అంకెల పక్కన పెట్టి చూడాలి.

6. వైద్యం అందేలోపు

ఏది కుట్టిందో కళ్లారా చూడనప్పుడు పాముకాటు అనుకొనే నడవాలి. చూసింది సాలెపురుగే అయినా కింది పద్ధతి హాని చేయదు.

రోగిని కూర్చోబెట్టాలి, లేదా పడుకోబెట్టాలి, నడిపించకూడదు. గాజులు, ఉంగరాలు, మెట్టెలు, కడియాలు వాపు రాకముందే తీసేయాలి. కుట్టిన చేయినో కాలినో బద్దకట్టి కదలకుండా ఉంచాలి. కట్టు వదులుగా ఉండాలి. ఎన్ని గంటలకు కుట్టిందో రాసి, వాపు అంచున పెన్నుతో గీత గీసి పక్కన సమయం వేస్తే వైద్యునికి ఎంతో ఉపకారం. చంపిన సాలెపురుగు ఉంటే డబ్బాలో తేవచ్చు, ఫోటో చాలు. పాము కోసం వెతకడం మాత్రం వద్దు. సాలెపురుగేనని చూసినప్పుడు సబ్బునీళ్లతో కడిగి, గుడ్డలో చుట్టిన మంచుముక్కలు గాని తడిగుడ్డ గాని పది, పదిహేను నిమిషాలు ఉంచితే నొప్పి తగ్గుతుంది. పాము అనుమానం ఉంటే కడగడం, రుద్దడం, మంచు పెట్టడం మానాలి. నొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది. రక్తపింజరి కాటు కాదని తేలేవరకు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ ఇవ్వరాదు, అవి రక్తస్రావాన్ని పెంచుతాయి.

తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, కాల్చడం, సున్నమో కిరోసినో పూయడం, నల్లరాయి అంటించడం, పసరు తాగించడం, కల్లు పోయడం: ఏ ఒక్కటీ విషాన్ని తీయదు. ఎవరైనా అప్పటికే తాడు బిగించి ఉంటే దారిలో ఉన్నపళంగా విప్పకుండా వైద్యుని ఎదుట విప్పించాలి. అంతర్జాలంలో కనిపించే ఒత్తిడి కట్టు గురించి ఒక మాట అవసరం. అది ఆస్ట్రేలియాలో ఫనెల్‌వెబ్ సాలెపురుగుకూ అక్కడి పాములకూ ఉద్దేశించిన పద్ధతి. ఆ సాలెపురుగు మన దేశంలో లేదు. అదే ఆస్ట్రేలియాలో రెడ్‌బ్యాక్ కాటుకు ఆ కట్టు వద్దంటారు, నొప్పి పెరుగుతుంది కనుక. రక్తపింజరి కాటుకు బిగువు కట్టు కణజాలాన్ని మరింత చెడగొట్టగలదు.

వాంతులవుతుంటే ఎడమపక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టాలి. శ్వాస ఆగితే నోటితో శ్వాస అందిస్తూనే ఉండాలి. కట్లపాము విషంలో కళ్లు కదలవు, చేయి లేవదు, చనిపోయినట్టే ఉంటుంది, కాని గుండె కొట్టుకుంటుంది. దారిపొడవునా శ్వాస అందిస్తే అటువంటివారు బతికి బట్టకట్టగలరు.

7. దూరం, సరిహద్దు, నమోదు

'వైద్యం అందుబాటులో లేదు' అన్నమాటకు జుక్కల్‌లో అర్థం వైద్యుడే లేడని కాదు, వేళకు చేరలేమని. 2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన 108 సేవకు ఫోన్ చేసేటప్పుడు "పురుగు" అనకుండా "పాము అనుమానం" అంటే, సీరం ఉన్న ఆసుపత్రిని ముందే అడిగి తెలుసుకునే వీలుంటుంది. కట్లపాము, నాగుపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒకే సీరం పనిచేస్తుంది. రక్తం గడ్డకడుతోందా లేదా చూసే 20 నిమిషాల పరీక్షకు కావలసింది శుభ్రమైన గాజు పరీక్షనాళిక ఒక్కటే, కాబట్టి ఏ ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలోనైనా చేయవచ్చు.

బాన్సువాడ వైపు వెళ్లే రోగికి భాష ఇబ్బంది లేదు. సరిహద్దు దాటి దెగ్లూర్‌కో బీదర్ వైపుకో వెళ్లేవారికి మరికొన్ని మాటలు కావాలి: కట్లపాము మరాఠీలో మణ్యార్, కన్నడంలో కట్టుహావు, రక్తపింజరి మరాఠీలో ఘోణస్, తేలు మరాఠీలో వించూ, కన్నడంలో చేళు. డిగ్రీ కళాశాలల జాతీయ సేవాపథకం శిబిరాలు ఈ నాలుగు భాషల పట్టికను గ్రామపంచాయతీ గోడమీద రాయించడం పెద్ద పనేమీ కాదు.

ఆసుపత్రి రిజిస్టరులో రాసే మాటకూ ఇదే జాగ్రత్త అవసరం. అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణ పదవ కూర్పులో విషసర్పానికి ఎక్స్ 20, సాలెపురుగుకు ఎక్స్ 21, తేలుకు ఎక్స్ 22 అని వేర్వేరు సంకేతాలున్నాయి. ప్రాణిని చూసి గుర్తించినప్పుడే ఎక్స్ 21 వేసి, చూడనప్పుడు 'గుర్తు తెలియని కాటు' అని రాసి, కాటు వేళను, పడుకున్నది నేలమీదా మంచంమీదా అన్న సంగతిని, మొదటి లక్షణం కనిపించిన సమయాన్ని పక్కన చేర్చాలి.