చెరువు గట్టున కళాచికిత్స

మాటల్లో చెప్పుకోలేని భయానికో దుఃఖానికో బొమ్మగానో మట్టిముద్దగానో రూపం ఇప్పించి, శిక్షణ పొందిన చికిత్సకుల తోడ్పాటుతో దానిని అర్థం చేసుకునే పద్ధతిని కళాచికిత్స అంటారు. ఇందులో బొమ్మ అందంగా కుదిరిందా లేదా అన్నదానితో పనిలేదు. చేస్తున్నంతసేపు మనసులో ఏం కదిలింది, చేసిన తరువాత దానిని చూస్తే ఏం తోచింది అన్నవే ముఖ్యం. ఇదే పనిని గది దాటించి చెరువు గట్టుకో తోటకో తీసుకువెళ్లి, అక్కడి ఆకునూ మట్టినీ రాయినీ సాధనాలుగా చేసుకోవడం ప్రకృతి ఒడిలోని కళాచికిత్స.

కళాచికిత్సకు ఆంగ్లంలో వాడుకలోకి వచ్చిన పేరు పెట్టినవాడు బ్రిటిష్ చిత్రకారుడు ఆడ్రియన్ హిల్. క్షయతో శానిటోరియంలో కోలుకుంటూ బొమ్మలు గీసుకున్న ఆయన, తోటి రోగులకూ ఆ అలవాటు చేసి, 1942లో ఆ పేరును ప్రచారంలోకి తెచ్చాడు. క్షయకు సరైన మందులు లేని ఆ కాలంలో శానిటోరియం వైద్యం ప్రధానంగా ఆరుబయటి గాలి, విశ్రాంతి మీదే ఆధారపడేది కనుక, కళకూ ఆరుబయటికీ చుట్టరికం తొలినాళ్ల నుంచే ఉందనవచ్చు. ప్రకృతి దృశ్యం చేసే మేలు గురించి 1984లో పరిశోధకుడు రోజర్ ఉల్రిక్ ప్రచురించిన అధ్యయనంలో, పిత్తాశయ శస్త్రచికిత్స చేయించుకున్న 46 మందిలో కిటికీలోంచి చెట్లు కనిపించినవారు, ఇటుక గోడ మాత్రమే కనిపించినవారికన్నా త్వరగా ఇంటికి వెళ్లారనీ, బలమైన నొప్పిమందులు తక్కువగా వాడారనీ తేలింది. పట్టుబట్టి నిలిపిన ఏకాగ్రత అలసిపోతుందనీ, ఆకుల కదలిక, నీటి అలల వంటివి శ్రమ లేకుండా చూపును నిలిపి ఆ అలసటను తీరుస్తాయనీ మనస్తత్వవేత్తలు రేచల్, స్టీఫెన్ కాప్లన్‌లు వివరించారు.

ఆరుబయట చేసిన రూపం గాలికి చెదిరిపోవచ్చు, నీటిలో కరిగిపోవచ్చు. పోయినదాన్ని తలచుకుని కుమిలేవారికి, ఇష్టంగా చేసినదానిని చేజేతులా విడిచిపెట్టే ఆ అనుభవమే చికిత్సలో భాగమవుతుంది. ఈ అనుభవం పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్) నేలకు కొత్తది కాదు. ఆడపిల్లలు పుట్టమన్నుతో బొడ్డెమ్మను చేయడం, గునుగు, తంగేడు పూలను వరుసలుగా పేర్చి బతుకమ్మగా నిలిపి, చుట్టూ ఆడిపాడి, చివరికి చెరువులో వదలడం తరతరాలుగా సాగుతున్నవే. అయితే బతుకమ్మ అందరూ కలిసి చేసుకునే పండుగ. కళాచికిత్స ఒక వ్యక్తి కష్టాన్ని లక్ష్యంగా పెట్టుకుని, ముందుగా కుదిరిన సమయంలో, చెప్పిన విషయం బయటికి పొక్కదన్న హామీతో జరిగే పని. పండుగ ద్వారా చేతికి అలవాటైన పూలూ మన్నూ చికిత్సకు మంచి పరికరాలు కాగలవు. అమ్మానాన్నలు వలస వెళ్లగా ఊళ్లో మిగిలిన పిల్లలకు, తమ బాధ చెప్పుకోవడానికి మాటలు వెతుక్కునే పెద్దలకు ఈ దారి సులువుగా అందుతుంది.

చోటు ఎంపికలో మాత్రం జాగ్రత్త అవసరం. నాగర్‌కర్నూల్ జిల్లాలోని నల్లమల చాలావరకు అమ్రాబాద్ పులుల అభయారణ్యం కనుక, అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం గానీ, అక్కడి ఆకులూ పూలూ తెంపడం గానీ కుదరదు. గద్వాల వైపు కృష్ణ ఒడ్డున ఇసుక ఎంత అనువుగా ఉన్నా, జూరాల ప్రాజెక్టు గేట్లు ఎత్తితే దిగువన నీరు ఒక్కసారిగా పెరుగుతుంది. వేసవిలో ఎండ ముదరకముందే, ఉదయాన్నే పని ముగించాలి. వనపర్తి వంటి పట్టణాల్లో బడి తోటో ఆసుపత్రి ఆవరణో చాలు. కానీ దారిన పోయేవారు ఆగి చూసే చోట ఎవరూ మనసు విప్పరు కాబట్టి, చాటు అన్నిటికన్నా ముఖ్యం.

ఈ పద్ధతి వైద్యానికి తోడుగా నిలిచేదే తప్ప మందులకు బదులు కాదు. తీవ్రమైన కుంగుబాటు, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఉన్నవారు ముందుగా మానసిక వైద్యులను కలవాలి. 2022లో మొదలైన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు.