స్పీకరు తీగకు ఎంత ఖర్చు పెట్టాలి?

మాది అరకు లోయ దగ్గర కొండ పల్లె. పోయిన ఏడు కాఫీ, మిరియాలు అమ్మిన తరువాత మా అన్నయ్య హోం థియేటర్ సెట్టు కొన్నాడు. మా ఇల్లు పొడుగు. సెట్టుతో వచ్చిన తీగ వెనుక స్పీకర్లకు అందలేదు. "నువ్వు ఫిజిక్సు చదువుతున్నావు గదా, విశాఖలో మంచిది చూసి తీసుకురా" అని డబ్బు చేతిలో పెట్టాడు.

దుకాణంలో ఆయన వేలెడు లావు తీగ చూపించి, "ఇది ఆక్సిజన్ లేని రాగి. ఇది వేయకపోతే సౌండు చచ్చిపోతుంది. పైగా అన్ని స్పీకర్లకూ ఒకే పొడుగు తీగ ఉండాలి" అన్నాడు. ధర మామూలు తీగకు ఆరు రెట్లు. ఆ డబ్బులోనే నా పరీక్ష ఫీజూ ఉంది. "ఇప్పుడే వస్తానండీ" అని బయటికొచ్చి, బస్టాండులో కూర్చుని నోటుబుక్కు తీశాను. ఆ లెక్కే మిత్రులకు మనవి చేస్తున్నాను.

మేము గెడ్డ నీళ్ళను గొట్టంతో మడికి దింపుతాం. గొట్టం పొడుగైనా, సన్నమైనా చివర జోరు తగ్గుతుంది. తీగ సంగతీ అంతే. జర్మనీలో జార్జ్ సైమన్ ఓమ్ అనే ఉపాధ్యాయుడు 1827లో ప్రకటించిన సూత్రమే ఇక్కడ పనికొస్తుంది. ఒక చదరపు మిల్లీమీటరు మందం గల రాగి తీగకు మీటరుకు నిరోధం 0.0172 ఓములు. కరెంటు వెళ్ళి తిరిగి రావాలి కనుక పొడుగును రెండుతో హెచ్చించి, మందంతో భాగించాలి.

స్పీకరు వెనుక 4, 6, 8 ఓములని రాసి ఉంటుంది. తీగ నిరోధం అందులో నూటికి అయిదు వంతులు దాటకుంటే చాలు. అప్పుడు తగ్గే ధ్వని అర డెసిబెల్ కూడా ఉండదు. చెవి దాన్ని పట్టలేదు.

మా స్పీకర్లు 6 ఓములవి. అంటే హద్దు 0.3. వెనుకకు 12 మీటర్లు కావాలి. 1 చ.మి.మీ. తీగకు 0.41 వచ్చింది, చాలదు. 1.5 తీగకు 0.275, సరిపోయింది. ముందు స్పీకర్లకు 3 మీటర్లే కనుక 0.5 తీగకు కూడా 0.21 మాత్రమే. పాత తీగే ఉంచవచ్చునన్నమాట!

ఇక ఆక్సిజన్ లేని రాగి, మామూలు విద్యుత్ రాగి కంటే వాహకతలో ఒక శాతం మాత్రమే మెరుగు. సమాన పొడుగు మాటా వట్టిదే. విద్యుత్ సంకేతం సెకనుకు రమారమి రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. పది మీటర్ల తేడాకు సెకనులో రెండు కోట్లవ వంతు ఆలస్యం. ఆ వ్యవధిలో ధ్వని గాలిలో వెంట్రుక మందమైనా కదలదు.

చూడవలసినవి వేరే ఉన్నాయి. పోగును బ్లేడుతో గీకండి. లోపల ఎర్రగా ఉంటే రాగి. తెల్లగా ఉంటే రాగి పూత వేసిన అల్యూమినియం. దాని నిరోధం దాదాపు ఒకటిన్నర రెట్లు కనుక ఒక సైజు లావుది తీసుకోవాలి. ప్లస్సుకు ప్లస్సే కలపాలి. ఒక స్పీకరుకు తిరగబడితే బాస్ మాయమవుతుంది. మా కొండల మంచుకు, వానలకు రాగి కొసలు చిలుము పడతాయి. ఏడాదికోసారి కత్తిరించి మళ్ళీ బిగించాలి.

నేను మళ్ళీ దుకాణానికి వెళ్ళి, రెండు పోగుల మామూలు రాగి వైరు 1.5 సైజుది అడిగి కొన్నాను. సౌండు చచ్చిపోలేదు. పరీక్ష ఫీజూ కట్టాను. క్లాసులో మార్కుల కోసం బట్టీ పట్టిన సూత్రం ఆ రోజు మా ఇంటి డబ్బు కాపాడింది.