పాలలో దోషం ఉంటే బాధ్యత ఎవరిది?

ప్యాకెట్టు పాలు తాగి ఒక ఇంట్లో పసిబిడ్డ జబ్బుపడితే బాధ్యత ఎవరిది? అమ్మిన దుకాణందారుదా, ప్యాకెట్టు చేసిన డెయిరీదా, పాలు పంపిన సంఘానిదా, పాలు పోసిన రైతుదా? ఈ ప్రశ్నకు మన చట్టం చెప్పే సమాధానం కొద్ది ఏళ్ల క్రితం మారింది. ఇది ప్రతి సంఘానికీ సంబంధించిన విషయం గనుక సభ్యులకు వివరించడం మా కర్తవ్యమని భావిస్తున్నాము.

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నష్టపరిహారం కోరేవారు అవతలివారి నిర్లక్ష్యాన్ని చూపవలసి వచ్చేది. డెయిరీలో ఆ పూట ఏం జరిగిందో పట్నంలో పాలు కొన్న ఇల్లాలికి ఎలా తెలుస్తుంది? 2019లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. 2020 జూలై 20 నుంచి అమలులో ఉన్న ఆరవ అధ్యాయం 'ఉత్పత్తి బాధ్యత'ను ప్రత్యేకంగా నిర్దేశించింది. తయారీలో లోపం ఉన్నా, వాడకం గురించి తగిన సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోయినా, అందువల్ల హాని కలిగితే తయారీదారు బాధ్యుడు. లోపం, హాని రుజువైతే, 'మేము జాగ్రత్తగానే ఉన్నాము' అన్న సమాధానం చాలదు. ఇతరులు చేసిన వస్తువుపై తన గుర్తు వేసుకున్నవారు కూడా తయారీదారు కిందికే వస్తారు. సరుకును సరిగా చూసుకోని అమ్మకందారుకూ బాధ్యత తప్పదు.

దీనికి తోడు 2006 నాటి ఆహార భద్రతా చట్టం ఉంది. ఆహారం వల్ల మరణం సంభవిస్తే కనీసం 5 లక్షల రూపాయలు, తీవ్రమైన హానికి 3 లక్షల వరకు, ఇతర హానికి లక్ష వరకు పరిహారం చెల్లించాలి.

మరి రైతు మాటేమిటి? సహకార సంఘంలో సభ్యుడై, పాలన్నీ సంఘానికే పోసే రైతు ఈ చట్టం కింద విడిగా రిజిస్ట్రేషన్ చేయించుకోనవసరం లేదు. అంతమాత్రాన పాలు ఎలా ఉన్నా ఫరవాలేదని కాదు. వందమంది పాలు ఒకే కూలర్‌లో కలుస్తాయి. ఒక్కరి క్యాన్‌లో దోషం ఉంటే ట్యాంకరంతా పారబోయవలసి రావచ్చు. ఆ నష్టం చివరకు పడేది అందరి పాల బిల్లు మీదే.

పొదుగువాపుకు సూది వేయించిన పశువు పాలను డాక్టరు చెప్పిన గడువు తీరేవరకు పోయకూడదు. బూజుపట్టిన వేరుశనగ చెక్క, దాణా మేపితే అఫ్లాటాక్సిన్ అనే విషం పాలలోకి దిగుతుంది, కాచినా పోదు. కిలో పాలలో అది 0.5 మైక్రోగ్రాము మించరాదని నిబంధన. పులిసిన పాలను సోడాతో సరిచేయడం నేరం.

పరీక్షలకు ఖర్చు అవుతుందని కొందరు సభ్యులు అంటున్నారు. నిజమే. కాని తన తప్పేమీ లేదని చూపుకోవడానికి సంఘానికి ఉన్న ఆధారం పూటపూటా పరీక్ష, రిజిస్టరులో నమోదు మాత్రమే.

ఈ చట్టం మనకూ అండగా ఉంటుంది. జీవనోపాధికై స్వయంగా పశువులను మేపుకునే రైతు దాణా కొన్నప్పుడు వినియోగదారుడే. విత్తనాలు కొన్న రైతులు వినియోగదారులేనని 2012లో ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చెడిపోయిన దాణా తిని పశువు చనిపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోగా ఫిర్యాదు చేయవచ్చు. తాను నివసించే జిల్లాలోనే చేయవచ్చు. కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. బిల్లు, సంచి మీది చీటీ, కొంచెం దాణా, పశువైద్యుని ధ్రువపత్రం భద్రపరచుకోవాలి.

మనం దాణా కంపెనీ నుంచి ఏ జవాబుదారీ కోరుతున్నామో, పాలు కొనే తల్లి మన నుంచి అదే కోరుతుంది. ఈ విషయాలను కార్యదర్శులు వచ్చే సభ్యుల సమావేశంలో చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము.