నూనె తగ్గించినా దిబ్బరొట్టె ఎందుకు కాలుతుంది?

దరియాలతిప్ప ఊరి దాకా గోదావరి సీమంతటా దిబ్బరొట్టె అంటే ఇష్టమే. మినప్పిండి, బియ్యపురవ్వ కలిపి మందపాటి మూకుట్లో పోసి, మూతపెట్టి సన్నసెగన కాలుస్తారు. నూనె మాత్రం ధారాళంగా! ఎందుకు? మూకుడు వేడిని పిండి అడుగంతటికీ అందించి, ఎర్రగా, కరకరలాడేలా పెచ్చు కట్టించేది అదే. లోపలి మెత్తదనానికి నూనెతో పనిలేదు. పిండిలోని తడే ఆవిరై ఉడికిస్తుంది. తడి ఉన్నంతసేపూ అక్కడ వేడి దాదాపు 100 డిగ్రీలు దాటదు, అందుకే లోపల తెల్లగానే ఉంటుంది.

కాబట్టి వాడి వాడి నున్నబడిన ఇనప మూకుడుకు 2 చెంచాల నూనె రాస్తే చాలు. గ్రాము నూనెలో 9 కేలరీలు, పిండిపదార్థంలో 4. సొరకాయ తురుము కలిపితే ఇంకా తేలిక. నీరు పిండకపోతే మాత్రం మధ్యలో పచ్చిగా మిగులుతుంది. రొట్టె మీద చెరకు పానకం ఎక్కువ పోసుకుంటే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది! మీరు పిల్లలైతే పొయ్యి దగ్గర పని అమ్మకో నాన్నకో వదిలేయండి.